గోవిందమ్మ చేతులు

జిల్లా పెద్ద దవాఖానలో పాత బిల్డింగు వెనక, ఎక్స్‌రే గది దాటినంక, ఒక పొడుగాటి వార్డు ఉంది. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరు రాసి ఉంటుంది గానీ జనం దాన్ని ఆఖరి వార్డు అనే అంటారు. ఇక మందులతో నయం కాదని తేలినవాళ్లను అక్కడ పడుకోబెట్టి, నొప్పి తెలియకుండా చూసుకుంటారు. డాక్టరు పొద్దున ఒకసారి వచ్చిపోతాడు. సిస్టర్లు డ్యూటీలు మారుతుంటారు. పొద్దంతా అక్కడే ఉండేది స్వరూప ఒక్కతే.

స్వరూప చేతిలో సూది ఉండదు, మందు ఉండదు. మంచం పక్కన స్టూలు వేసుకుని, పోయేవాళ్ల చెయ్యి పట్టుకుని కూర్చోవడం ఆమె ఉద్యోగం. వాళ్లు చెప్పింది వింటుంది. ఏడ్చే ఇంటివాళ్లను వరండాలోకి తీసుకుపోయి, చాయ్ తాగించి, బండి ఎక్కడ దొరుకుతుందో, ముందు ఎవరికి ఫోన్ చేయాలో, పిల్లలకు ఎట్లా చెప్పాలో నిమ్మళంగా చెబుతుంది. ఎవరూ లేనివాళ్లయితే కాటి దాకా తానే పోయి నిలబడుతుంది.

అన్నిటికంటే కష్టమైన పని ఒకటుంది. ప్రాణం పోక కొట్టుకులాడే మనిషి దగ్గరికి కొడుకునో బిడ్డనో తీసుకువచ్చి, "పోయిరా అమ్మా, మా గురించి ఫికర్ చేయకు" అనిపించడం. ఆ మాట గొంతు దాటి రావడం ఎవరికీ సులువు కాదు. కానీ అది చెవిన పడ్డాక, ముడుచుకున్న మొఖం విచ్చుకుని, ఊపిరి తేలికై, మెల్లగా ఆగిపోవడం స్వరూప ఎన్నోసార్లు చూసింది. అందుకే ఆ మాట మీద ఆమెకు గట్టి నమ్మకం.

గోవిందమ్మ వచ్చేదాకా.

గోవిందమ్మది రామన్నపేట దిక్కు ఒక చిన్న ఊరు. గర్భసంచి కాన్సరు. మరిది కొడుకు మైసయ్య తెచ్చి మంచమెక్కించి, పత్తి ఏరే రోజులు, మళ్లొస్తనని చెప్పి పోయాడు. మందు పడ్డాక ముసలామెకు నొప్పి తగ్గింది. తిండి ఆగిపోయింది. ఇవ్వాళో రేపో అన్నాడు డాక్టరు. కానీ రోజులు గడుస్తున్నా ఆమె పోలేదు. కళ్లు తలుపు మీద పెట్టుకుని, రెండు చేతులూ ఎద మీద వంచి, పిల్లను పట్టుకున్నట్టే పెట్టుకుని పడుకునేది. సిస్టరు వచ్చి ఆ చేతులు పక్కకు చాపితే, కాసేపటికి మళ్లీ అట్లాగే వంగేవి.

"ఎవలికోసం సూస్తున్నవ్ అవ్వా?" అని ఒక సాయంత్రం అడిగింది స్వరూప.

"మా నర్సింగమ్మ…"

ఆగి ఆగి చెప్పింది గోవిందమ్మ. ఒక్కతే బిడ్డ. నలభై దాటింది. చిన్నప్పుడు అందరి పిల్లల్లాగే ఉరికింది. అప్పట్లో ఊరంతా తాగింది బోరు నీళ్లు. ఆ నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లోకి దిగి, పిల్ల కాళ్లు విల్లుల్లా వంగాయి. తరువాత నడుం. తరువాత మెడ. ఇప్పుడు ఇంటింటికి నల్లా నీళ్లు వస్తున్నాయి గానీ వంగిన ఎముకలు వంగినట్టే ఉన్నాయి. ఒళ్లు బడికి పోయే పిల్లంత దగ్గరే ఆగిపోయింది. తండ్రి ఎన్నడో పోయాడు. తల్లే బిడ్డను సంకనేసుకుని చేనుకు పోయింది, కూలికి పోయింది, పెళ్లిళ్లకు పోయింది. యాదగిరిగుట్ట మెట్లు కూడా అట్లాగే ఎక్కింది.

"నేను పోతె దాన్ని ఎవలెత్తుకుంటరు బిడ్డా?"

స్వరూప తనకు అలవాటైన మాటే అన్నది. "ఎవలో ఒకలు ఎత్తుకుంటరు అవ్వా. ఫికర్ చేయకు."

గోవిందమ్మ తలుపు మీది నుంచి కళ్లు తిప్పి ఆమె మొఖంలోకి చూసింది.

"ఎవలో ఒకలంటే… ఎవలు?"

స్వరూప స్టూలు మీది నుంచి లేచింది. మర్నాడు నర్సింగమ్మను తీసుకువచ్చి తల్లి పక్కన పడుకోబెడదామని, ఆటో నడిపే తన భర్త విజేందర్‌తో మాట్లాడి పెట్టింది. ఆటో బయలుదేరకముందే, తెల్లారగట్ల, గోవిందమ్మ పోయింది. కళ్లు తలుపు వైపే తెరిచి ఉన్నాయి.

ఆయా వచ్చి చేతులు చాపి పక్కలకు కట్టబోయింది. రాలేదు. అప్పుడే పోయిన ఒళ్లు, ఇంకా వెచ్చగానే ఉంది. అయినా ఆ రెండు చేతులు మాత్రం కట్టెల్లా బిగుసుకుపోయాయి. మైసయ్య వచ్చి గుంజి చూశాడు. చివరికి అట్లాగే ఉంచి తెల్లగుడ్డ కప్పారు. గుడ్డ ఎద మీద ఎత్తుగా లేచింది. చూసినవాళ్లకు కింద ఎవరో పిల్ల కూడా పడుకున్నదేమో అనిపించింది.

మూడో రోజు పిట్టకు పెట్టారు, కాకి ముడితేనే పోయినామె తృప్తి పడ్డట్టు. వాగు ఒడ్డున, ఇంకా గోరువెచ్చగా ఉన్న బూడిద పక్కన, విస్తరిలో అన్నం, కూర, దొప్పలో ఇంత కల్లు పెట్టి అందరూ దూరం జరిగారు. స్వరూప కూడా వచ్చింది. రావలసిన పని లేదు. ముసలామె అడిగిన మాట చెవిలోంచి పోక వచ్చింది. ఇన్ని రోజులూ గంజి పోసిన పక్కింటి బిక్షమ్మ నర్సింగమ్మను ఎత్తుకొచ్చి ఒక గోనెసంచి మీద కూర్చోబెట్టింది. మెడ తిరగని ఆ మనిషి కళ్లు మాత్రం తిప్పి, బూడిదనూ మనుషులనూ చూస్తూ ఉంది.

కాకి వచ్చింది. బండ మీద వాలింది. విస్తరి వంక చూసి మొఖం తిప్పుకుంది.

"పెద్దమ్మా, నీ దినాలు మంచిగ జేస్త," అన్నాడు మైసయ్య చేతులు జోడించి. కాకి కదలలేదు. గోవిందమ్మ ఆడబిడ్డ చీర పెడతానన్నది. ఇంకొకామె గుట్టకు పోయి మొక్కు తీరుస్తనన్నది. ఎండ నెత్తి మీదికొచ్చింది. అన్నం ఎండిపోతున్నది. గోవిందమ్మ మనసులో ఏముందో అక్కడ అందరికీ తెలుసు. ఆ మాట అనడానికే ఎవరికీ నోరు రాలేదు. తలలు వంచుకున్నారు. గోనెసంచి మీది నర్సింగమ్మ కళ్లల్లోంచి నీళ్లు కారి గదవ దాకా వచ్చాయి. తుడుచుకోవడానికి ఆమె చేతులు మొఖం దాకా లేవవు.

స్వరూప ముందుకు నడిచింది. "గోవిందవ్వా! నర్సింగక్కను నేను ఎత్తుకుంట. నా జిమ్మేదారి."

కాకి బండ దిగింది. ఒక మెతుకు ముట్టి ఎగిరిపోయింది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నర్సింగమ్మ మెల్లగా అడిగింది. "నిజంగనే ఎత్తుకుంటవా చెల్లె?"

"ఎత్తుకుంట అక్కా. జాగా దొరకంగనే వచ్చి తీస్కపోత."

ఆమె అబద్ధం చెప్పలేదు. నార్కట్‌పల్లి దగ్గర దిక్కులేని ఆడవాళ్లను చూసుకునే ఆశ్రమం ఒకటుంటే అక్కడ అడిగింది. మంచం ఖాళీ అయితే చెబుతామన్నారు. ఇంతలో వార్డులో మనుషులు వస్తున్నారు, పోతున్నారు. అప్పటిదాకా గంజి, అన్నం తాను చూస్తనని బిక్షమ్మ ఒప్పుకుంది. గోవిందమ్మ దినాల కర్మ కూడా అయిపోయింది.

మొదటి ఫోన్ అప్పుడొచ్చింది.

"మేడమ్, నర్సింగమ్మకు నువ్వేమన్న మనిషిని పెట్టినవా?" అన్నది బిక్షమ్మ. "పొద్దుగాల పోయేసరికి తలకు నూనె పెట్టి, దువ్వి, జడేసి ఉంది."

మైసయ్య భార్య చేసిందేమో అనుకుంది స్వరూప. మనసుకు ఇంత చల్లగా కూడా అనిపించింది.

తరువాతి ఫోన్‌లో బిక్షమ్మ గొంతు మారింది. "నిన్న దీపాలు పెట్టే యాళ్లకు గంజి తీస్కపోయిన. మంచంల లేదు. వాకిట్ల అరుగు మీద ఉంది. ఎవలో కూసోవెట్టినట్టు కూసున్నది మేడమ్."

ఆ మర్నాడు వీధిలో దొరికింది. ఆ తరువాత ఊరి చివరి ఇల్లు దాటి, పత్తిచేను గట్టు మీద, వాగుకు పోయే బాట మలుపులో. ముసురు పట్టి బాటంతా బురదే. ఆ బురదలో ఒక్క అడుగు లేదు. నర్సింగమ్మ మోకాళ్లకు గానీ, చీర అంచుకు గానీ మన్ను అంటలేదు. మైసయ్య తలుపుకు తాళం వేసి చూశాడు. తాళం తాళంలాగే ఉంది. మనిషి మాత్రం గట్టు మీద ఉంది.

"ఎవలు తెచ్చిండ్రే అని అడుగుతే అమ్మ అంటాంది," అన్నది బిక్షమ్మ. "నాకు భయమైతాంది మేడమ్. ఇయ్యాలనే వచ్చి తీస్కపో. ఇంకొక్క రోజైతే వాగు దాక…"

మాట పూర్తి చేయకుండానే ఫోన్ పెట్టేసింది.

స్వరూప ఆశ్రమానికి ఫోన్ చేసి బతిమాలింది. మంచం లేకపోతే కింద పక్కేసినా సరేనన్నది. వాళ్లు సరేనన్నారు. మధ్యాహ్నం దాటాక విజేందర్ ఆటోలో బయలుదేరింది. తుపాను మబ్బు కిందికి దిగి పొద్దుండంగనే మసకేసింది. ఊళ్లోకి చేరేసరికి కరెంటు లేదు. సందు ఇరుకు, బురద. విజేందర్ ఆటోను సందు మొదట్లో ఆపి, తిప్పి పెట్టుకుంటనన్నాడు. బిక్షమ్మ తన గడప మీదనే నిలబడి, తాళంచెవి స్వరూప చేతిలో పెట్టి, లోపలికి పోయి తలుపేసుకుంది.

స్వరూప తాళం తీసి లోపలికి పోయి, జల్లు కొట్టకుండా తలుపు మూసి గొళ్లెం పెట్టింది. ఒక్కటే గది. పెంకుల సందుల్లోంచి చినుకులు పడి నేలంతా చెమ్మ. నులక మంచం మీద నర్సింగమ్మ పక్కకు ఒరిగి ఉంది. తల నున్నగా దువ్వి ఉంది. స్వరూప ఫోన్‌లో లైటు వేసి మంచం పక్కన కూర్చుంది.

"పోదామా అక్కా?"

నర్సింగమ్మ కళ్లు తలుపు వైపు తిప్పింది. తరువాత గుసగుసగా అన్నది. "దీపాలు పెట్టే యాళ్లకు వస్తది చెల్లె. మాట్లాడదు. మొదలు సంబురమైంది నాకు. అమ్మ ఒచ్చిందనుకున్న. ఎత్తుకుంటే ఎప్పటిలెక్కనే సంకల ఒదిగిన. కానీ చేతులు… కాలుతుంటయ్. దినాం జరంత ఎక్కువ దూరం తీస్కపోతాంది. గట్టు కాడ ఆగి, నన్ను దించి, వాగు దిక్కు సూసుకుంట నిలవడ్డది. తెల్వక తీస్కపోతాంది చెల్లె. నన్నిడిసి ఉండలేక."

"నీకు పోవాలని ఉందా?"

"అమ్మను ఒద్దంటే ఎట్ల?" అన్నది. "నేను గూడ లేకపోతె అమ్మ ఎవల్ని ఎత్తుకుంటది? కానీ… నాకు బతకాలని ఉంది. గిన్నేండ్లు అమ్మ సంకలకెల్లి సూసిందే లోకం. ఇంకా ఏం సూడలే నేను."

స్వరూప ఆమె చెయ్యి పట్టుకుంది. "అయితే లే అక్కా. పోదాం."

అప్పుడొచ్చింది వాసన.

పొయ్యి వెలగని ఇంట్లో కాలిన కట్టె వాసన. దాని అడుగున ఇంకొకటి… ఆఖరి వార్డులో పుండ్లు కడిగే మందునీళ్ల వాసన. స్వరూపకు అది ఎంత తెలిసిన వాసనో, అక్కడ అంత పరాయిగా అనిపించింది.

వాకిట్లో అడుగులు వినబడ్డాయి. మెల్లగా. ఒక అడుగు తేలిక, ఒక అడుగు బరువు. సంకలో పిల్లనేసుకుని, ఒక పక్కకు ఒరిగి నడిచే ఆడమనిషి నడక.

"విజేందర్…" అని పిలవబోయింది. వాన హోరులో సందు మొదటి దాకా వినబడదు.

గొళ్లెం కదిలింది.

తలుపు తెరుచుకుంది. బయట బూడిదరంగు వాన. మనిషి లేదు. కానీ గడప మీద చెమ్మ ఆరుతున్నది. అరికాలంత మేర… ఇంకొక అరికాలంత మేర… లోపలికి.

స్వరూప ఒక్క ఉదుటున నర్సింగమ్మను ఎత్తుకుంది. పత్తికట్టె మోపంత తేలిక. ఎదకు అదుముకుని, గోడ వెంబడి జరిగి, గడప దాటబోయింది.

దాటలేకపోయింది.

చేతుల్లోని మనిషి బరువెక్కింది. కాదు, బరువెక్కలేదు. అవతలి నుంచి ఎవరో పట్టుకున్నారు. నర్సింగమ్మ నడుం కింద, చీర మీద, వేళ్లు అదిమినట్టు గుంటలు పడుతున్నాయి. స్వరూప మోచేతికి ఏదో తగిలింది. పొయ్యిలోంచి తీసిన పెంకంత వేడి. ఆమె అరిచింది. కానీ విడవలేదు.

"అవ్వా… నేను. స్వరూపను. ఆఖరి వార్డు స్వరూపను."

గుంజుతున్నది. మెల్లగా, కోపం లేకుండా. నిద్రపోయే పిల్లను ఒకరి ఒళ్లోంచి ఒకరు తీసుకున్నట్టు.

"నేను ఎత్తుకుంటనన్న. ఆలస్యం చేసిన అవ్వా. తప్పైంది. ఇప్పుడొచ్చిన. ఎవలో ఒకలు గాదు… నేనే ఒచ్చిన. ఇడిసిపెట్టు అవ్వా. పోయిరా."

ఆ మాట పనిచేయలేదు. ఎన్ని మంచాల పక్కన అన్న మాట! ఇక్కడ వానలో కలిసిపోయింది. స్వరూప గదిలోపలికి ఒక అడుగు జారింది. మంచాల పక్కన చెప్పే మాటలేవీ ఇంకా మిగలలేదు. ఏడుపొచ్చింది.

"నీ చేతులు నొస్తలేవా అవ్వా?" అన్నది ఏడుస్తూనే. "గిన్నేండ్లు మోసినవ్. ఒక్కపారన్న దించినవా? నొస్తలేవా నీకు?"

గుంజుడు ఆగింది. వదల్లేదు. ఆగింది.

అప్పుడు నర్సింగమ్మ నోరు తెరిచింది. కాళ్లు వంగిన నాటి నుంచి తల్లిని ఆమె అడిగింది ఒక్కటే, ఎత్తుకో అని. ఇప్పుడు కళ్లు మూసుకుని, చిన్నపిల్లలా అన్నది.

"అమ్మా… నన్ను దించు."

ఏ చప్పుడూ లేదు. వాన చప్పుడు కూడా ఆగిందనిపించింది.

"దించే అమ్మా. నేను పోత. నన్ను దించు."

బరువు పోయింది.

ఒక్కసారిగా పోయేసరికి స్వరూప తూలి, గడప అవతల వాకిట్లో పడబోయి నిలదొక్కుకుంది. వెనక్కి చూడలేదు. వెనక గదిలో నులక మంచం కిర్రుమన్నది… అలిసిపోయిన మనిషెవరో కూలబడ్డట్టు.

బురదలో పడుతూ లేస్తూ ఆటో దాకా పోయింది. విజేందర్ ఆమె మొఖం చూసి బండి స్టార్ట్ చేశాడు. ఆటో కదిలింది. స్వరూప భుజం మీద తల ఆనించిన నర్సింగమ్మ కళ్లు సందు వైపే ఉన్నాయి.

"గుమ్మంల నిలవడ్డది చెల్లె," అన్నది మెల్లగా.

"ఏం జేస్తాంది?" స్వరూప తల తిప్పలేదు.

"ఏం జేస్తలేదు. చేతులు గట్లనే వంచి పెట్టుకున్నది, నేనున్నట్టే. నా దిక్కు సూస్తలేదు. తన చేతుల దిక్కు సూసుకుంటాంది."

తరువాత ఆశ్రమం గేటు దాకా ఆమె ఏడుస్తూనే ఉంది. చప్పుడు లేకుండా. స్వరూప తన కొంగుతో ఆ కళ్లు తుడుస్తూనే ఉంది. పక్క మీద పడుకోబెట్టి, అక్కడి ఆయమ్మలకు ఎట్లా ఎత్తాలో, ఏ పక్కకు తిప్పాలో చూపించి, వస్తనని చెప్పి బయటికొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద విజేందర్ రెండుసార్లు బండి ఆపి, దిగి, టైర్లు చూశాడు.

"ఖాళీ బండేనాయె. లోడు ఉన్నట్టు గుంజుతాంది," అన్నాడు.

"రోడ్డు తడిగుంది," అన్నది స్వరూప. వెనక సీట్లో ఒక మూలకు జరిగి కూర్చుంది. ఎందుకు జరిగిందో ఆమెకే తెలియదు.

ఆశ్రమంలో నర్సింగమ్మ నిమ్మళపడింది. ఆయమ్మలు ఆమెను కిటికీ పక్కన కూర్చోబెడితే పొద్దంతా హైవే మీద పోయే బస్సులను చూసేది. స్వరూప వారం వారం పోయి ఆమెను ఎత్తుకుని ఆవరణంతా తిప్పి వచ్చేది. తల్లి మళ్లీ రాలేదు. "కలల గూడ వస్తలేదు చెల్లె," అన్నది ఒకసారి. "నేను దించుమంటి. దించింది. గంతే." ఆ మాట అన్నాక చాలాసేపు బస్సులను కూడా చూడలేదు. ఎవరికి ఏం చెప్పి ఓదార్చాలో తెలిసిన స్వరూప ఆ రోజు ఊరికే ఆమె తల నిమురుతూ కూర్చుంది.

చలి మొదలైనంక వార్డులోకి ఐలేశం వచ్చాడు. తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికుడు. నడుం కింద ఒళ్లు చచ్చుబడి, పుండ్లు పడి, వాటి విషం రక్తానికి పాకింది. వయసులోనే ఉన్నాడు. భార్య చంటిపిల్లతో వచ్చి పోతుండేది. పక్క మీద ఒత్తిగిలాలన్నా ఇద్దరు మనుషులు పట్టాలి. ఎప్పుడూ మొఖం గోడకే. స్వరూప స్టూలు వేసుకుని కూర్చున్నా మాట్లాడేవాడు కాదు.

ఒకనాడు పొద్దున ఆమె డ్యూటీకి వచ్చేసరికి అతను ఇటు తిరిగి ఉన్నాడు. మొఖం మీద ఎన్నడూ లేని కళ. చెంపలకు బయటి చలిగాలి తగిలిన ఎరుపు.

"అక్కా," అన్నాడు తానే పిలిచి. "సాయంత్రం పూట వస్తది సూడు, ఆ అవ్వ మీ దవాఖాన మనిషేనా?"

"ఏ అవ్వ?"

"మాట్లాడదు. మస్తు బలం అక్కా ఆమెకు. ఒక్కతే నన్ను చిన్నపిలగాని లెక్క ఎత్తుకుంటది. మొన్న వరండ దాక తిప్పింది. నిన్న మెట్లు దిగినం." ఐలేశం నవ్వాడు. "ఎన్ని దినాలాయె ఆకాశం సూడక! ఇయ్యాల ఏడి దాక తీస్కపోతదో, అక్కా."